పాత గార్డెన్ ట్రాక్టరుకు ముందు లోడర్: ఏ బండికి ఏది తగును, వెనుక బరువు ఎంత కావాలి

అమెరికాలో 1960ల నుంచి 1980ల దాకా తయారైన గార్డెన్ ట్రాక్టర్లు చాలా ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. వాటి గేరుపెట్టెలు పోత ఇనుపవి, చట్రాలు మందపాటివి, వాటిలో బిగించిన కోహ్లర్, ఓనాన్ ఇంజన్లకు విడిభాగాలు ఈనాటికీ దొరుకుతున్నాయి. అందువల్ల ఎకరం, రెండెకరాల స్థలంతో ఇల్లు కొనుక్కున్నవారు, వారిలో మన తెలుగు కుటుంబాలవారు కూడా, దుకాణంలోని కొత్త లాన్ ట్రాక్టరు కంటే ఇటువంటి పాత బండినే ఎంచుకోవడం సబబైన నిర్ణయమే. గడ్డి కోయడం, మంచు తోయడం అలవాటయ్యాక దానికి ముందు ఒక లోడర్, అంటే హైడ్రాలిక్ చేతులతో లేచే బకెట్, కూడా ఉంటే కంకర, మట్టి, ఎరువు, కట్టెలు పారతో ఎత్తి మోసే శ్రమ తప్పుతుందన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

లోడర్ కొనేవారు మొదట అడిగే ప్రశ్న అది ఎన్ని పౌండ్లు ఎత్తుతుందన్నది. ఈ బళ్ళ విషయంలో ముందుగా తేల్చుకోవలసినవి వేరే రెండున్నాయి: ముందు ఇరుసు ఎంత మోయగలదు, వెనుక చక్రాల మీద ఎంత బరువు మిగులుతుంది. హైడ్రాలిక్ సిలిండర్లకు శక్తి కొరత దాదాపు ఎప్పుడూ రాదు; లోడర్ బిగించాక విరిగేవి ముందు స్పిండిళ్ళు (చక్రం తిరిగే ఇరుసు కడ్డీలు), అరిగేవి ముందు చక్రాల బేరింగులు, పట్టు తప్పేవి వెనుక టైర్లు. కాబట్టి వెనుక వేసే ఎదురు బరువును తరువాత తీరిక చూసుకుని చేర్చే హంగుగా కాక లోడర్‌లోనే ఒక భాగంగా లెక్కించి, ఆ బరువు వేలాడదీసే ఏర్పాటు లేని బండికి లోడర్ బిగించకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఆ అభిప్రాయం మీదనే ఆధారపడి ఉన్నాయి.

బరువు ఎక్కడికి పోతుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. ట్రాక్టరు బరువు 800 పౌండ్లు, అందులో 300 ముందు చక్రాల మీద, 500 వెనుక చక్రాల మీద ఉన్నాయనుకోండి. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 46 అంగుళాలు. నడిపే మనిషి 180 పౌండ్లు, ఆయన కూర్చునే చోటు వెనుక ఇరుసుకు కొంచెం ముందు. లోడర్ చేతులు, స్తంభాలు, బకెట్ అన్నీ కలిపి 300 పౌండ్లు, వాటి గరిమనాభి ముందు ఇరుసుకు 10 అంగుళాల అవతల. బకెట్ ఖాళీగా ఉండగానే ముందు ఇరుసు మీద సుమారు 690 పౌండ్లు, వెనుక ఇరుసు మీద 590 పౌండ్లు పడతాయి. అంటే ఒక్క రాయి కూడా ఎత్తకముందే ముందు ఇరుసు తాను పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కంటే ఎక్కువ మోస్తున్నది.

ఇప్పుడు బకెట్‌లో 300 పౌండ్ల కంకర నింపండి. దాని బరువు ముందు ఇరుసుకు 32 అంగుళాల అవతల పనిచేస్తుంది కనుక ముందు ఇరుసు మీద పెరిగేది 300 కాదు, 509 పౌండ్లు. మిగిలిన 209 వెనుక చక్రాల నుంచి లాక్కున్నవి. ముందు సుమారు 1,200 పౌండ్లు, వెనుక 380 పౌండ్లు అవుతాయి. మొత్తం బరువులో నాలుగింట మూడు వంతులు, గడ్డి కోసే యంత్రాన్ని మోయడానికి తయారైన రెండు చిన్న చక్రాల మీద ఉన్నదన్నమాట.

వెనుక మిగిలిన 380 పౌండ్ల సంగతి మరింత శ్రద్ధగా ఆలోచించవలసినది. ఈ ట్రాక్టర్లన్నిటికీ లాగే శక్తి వెనుక చక్రాలకే ఉంటుంది, బ్రేకు పనిచేసేది కూడా వెనుక చక్రాల మీద గానీ వాటిని తిప్పే గేరుపెట్టె మీద గానీ మాత్రమే. వెనుక తేలికైతే తడి నేల మీద చక్రం గిర్రున తిరిగి బండి కదలకపోవడం చిన్న కష్టం; నిండు బకెట్‌తో పల్లంలోకి దిగేటప్పుడు వెనుక చక్రం నేలను వదిలితే బండిని ఆపే సాధనమే ఉండదు. పైగా మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఉన్న బండిలో ఒక్క చక్రం గాలిలోకి లేచినా చాలు, లాగే పట్టు పోతుంది, గేరుపెట్టె దగ్గర బ్రేకు ఉన్న బళ్ళలో ఆపే పట్టు కూడా దాదాపుగా పోతుంది.

ఈ లెక్కకు ఎదురు బరువు చేర్చి చూస్తేనే అసలు తేడా బోధపడుతుంది. వెనుక చక్రాలకు ఇనుప బిళ్ళలూ, టైర్లలో ద్రవమూ కలిపి 200 పౌండ్లు చేర్చితే వెనుక 380 కాస్తా 580 అవుతుంది, కానీ ముందు ఇరుసు మీద ఒక్క పౌండు కూడా తగ్గదు, ఎందుకంటే ఆ బరువు సరిగ్గా వెనుక ఇరుసు మీదనే ఉంది. అదే 250 పౌండ్ల పెట్టెను వెనుక ఇరుసుకు 24 అంగుళాల వెనుక వేలాడదీస్తే వెనుక చక్రాల మీద 380 పౌండ్లు పెరగడమే కాక ముందు ఇరుసు మీద నుంచి 130 పౌండ్లు తగ్గుతాయి. కావడి మోసేవాడు వెనుక బుట్టలో బరువు వేసుకుని ముందు బుట్టను తేల్చినట్టే ఇదీ. రెండూ కలిపి చేస్తే ముందు 1,070, వెనుక 960 పౌండ్ల దగ్గర నిలుస్తుంది; ఆ స్థితిలో బండి లాగుతుంది, ఆగుతుంది, స్టీరింగు తిరుగుతుంది.

మన ఊళ్ళలో ట్రాక్టరు నడిపినవారికి బరువులు కొత్త కావు. ట్రక్కు లాగేటప్పుడు ముక్కు పైకి లేవకుండా ముందు బంపరుకు ఇనుప వెయిట్లు తగిలించడం, బురదలో పట్టు కోసం వెనుక టైర్లలో నీళ్ళు నింపడం వారికి తెలిసినవే. లోడర్ బిగించిన బండికి టైర్లలోని నీళ్ళు అలాగే పనికివస్తాయి గానీ ముందు వెయిట్లు మాత్రం పనికిరావు. మంచు తోసే బ్లేడు కోసం పాత యజమాని ముందు తగిలించిన బరువులేవైనా ఉంటే లోడర్ బిగించే ముందు వాటిని తీసివేయాలి.

ఏ బండికి బిగించవచ్చు

ఇంజన్ హార్స్‌పవర్‌ను బట్టి ఎంపిక చేయడం సరికాదు. 1,500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనంతో నిమిషానికి 4 గ్యాలన్ల నూనె తోయడానికి కావలసినది మూడున్నర హార్స్‌పవర్ మాత్రమే, 10 హార్స్‌పవర్ ఇంజన్ కూడా దాన్ని ఇవ్వగలదు. చూడవలసినవి ముందు ఇరుసు, స్టీరింగు, గేర్ల పద్ధతి, వెనుక ఇరుసు, చట్రం, ఈ వరుసలోనే.

ముందు స్పిండిల్ మందం కొలవండి. చాలా పాత బళ్ళకు అది ముప్పావు అంగుళం, బరువైన రకాలకు అంగుళం. తేడా పావు అంగుళమే అయినా గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే బలం దాని మందానికి ఘనంగా పెరుగుతుంది కనుక అంగుళం స్పిండిల్ ముప్పావు అంగుళం దానికంటే రెండింతల పైన బలమైనది. చక్రం మధ్యలో ఉన్నది ఉత్త బుష్ అయితే, లేదా రేకు గిన్నెలో కూర్చున్న చవక బాల్ బేరింగ్ అయితే, లోడర్ పెట్టే ముందే టేపర్ రోలర్ బేరింగులు గల హబ్బులకు మార్చుకోవడం మంచిది. ఇరుసు మధ్యలోని పిన్ అరిగి వదులుగా ఉంటే దాన్ని మార్చకుండా మిగతా పనులేవీ మొదలుపెట్టకండి. ముందు టైర్లు సాధారణంగా 16x6.50-8 కొలతవి, వాటి పక్క గోడ మీద ఎంత బరువుకు ఎంత గాలి అని అచ్చువేసి ఉంటుంది. పైన చెప్పిన ఉదాహరణలో ఒక్కో టైరు మీద 530 పౌండ్ల పైన పడుతున్నది కాబట్టి రెండు ప్లైల (లోపలి పొరల) పాత టైరు చాలదు, నాలుగు గానీ ఆరు గానీ ప్లైలు ఉన్నవి వేయాలి.

గేర్ల విషయంలో నా ఓటు హైడ్రోస్టాటిక్‌కే, అంటే క్లచ్ లేకుండా నూనె పీడనంతోనే ముందుకూ వెనక్కూ నడిచే పద్ధతికే. లోడర్ పని అంటే నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కు, రోజంతా అదే. క్లచ్ నొక్కి గేరు మార్చే బండి బలమైనదే కావచ్చు, కానీ ఆ పనిలో కాలూ క్లచ్చూ రెండూ అలసిపోతాయి. ఉన్న బండి గేర్లదే అయితే నెలకొకసారి లారీడు ఎరువు సర్దుకోవడం వరకు దానితో నడుస్తుంది. ఇంకా బండి కొనవలసినవారు మాత్రం హైడ్రోస్టాటిక్‌ను చూసుకోవాలి.

ఇక బళ్ళను పేర్లతో పోల్చుకుందాం. జాన్ డీర్ 318, 1983 నుంచి 1992 దాకా వచ్చినది, ఈ పనికి తేలికగా సిఫారసు చేయదగిన బండి: 18 హార్స్‌పవర్ ఓనాన్ ఇంజన్, హైడ్రోస్టాటిక్, పవర్ స్టీరింగు, బయటి పనిముట్లకు నూనె ఇచ్చే గొట్టాలు కంపెనీ నుంచే ఉన్నాయి. పవర్ స్టీరింగు అన్న ఒక్క మాట ఎంత విలువైనదో ముందు వెయ్యి పౌండ్లు పెట్టుకుని చేతితో చక్రం తిప్పిన మనిషికే తెలుస్తుంది. అంతకు ముందరి 400, 20 హార్స్‌పవర్ కోహ్లర్‌తో, పవర్ స్టీరింగుతో, మరింత బరువైన శరీరంతో ఇంకా తగినది. కానీ అది దొరకడం, దొరికితే దాని భాగాలు సమకూర్చుకోవడం కష్టం.

కేస్ కంపెనీ 1964లో కోల్ట్ అనే చిన్న ట్రాక్టర్ల కంపెనీని కొని తన పేరుతో అమ్మిన బళ్ళది వేరే దారి. వాటిలో చక్రాలను తిప్పేదే హైడ్రాలిక్ మోటారు, కాబట్టి పనికివచ్చేటంత నూనె, పీడనం బండిలో ముందే ఉన్నాయి. 446 వంటి బండికి లోడర్ కోసం మరొక పంపు వెతకవలసిన పని సాధారణంగా ఉండదు. అంతకంటే మేలైన సంగతి, ఆ కంపెనీ 646 అనే బండిని మొదటి నుంచీ లోడర్‌తోనే తయారుచేసింది. ఇరుసు, చట్రం ఆ పనికే రూపొందినవి. లోడర్ పనే ముఖ్యమై, గడ్డి కోతకు వేరే యంత్రం ఉన్నవారు, ఏ బండికో లోడర్ అతికించే బదులు మంచి స్థితిలో ఉన్న 646 కోసం ఆగడం మేలని నేను చెబుతాను.

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961 నుంచి 1981 దాకా తయారుచేసిన కబ్ క్యాడెట్‌ల వెనుక భాగం ఫార్మాల్ కబ్ అనే అసలైన వ్యవసాయ ట్రాక్టరు నుంచి వచ్చినది. ఈ తరగతిలో అంత గట్టి గేరుపెట్టె మరొకటి అరుదు. ముందు భాగం మాత్రం అంత గట్టిది కాదు: పాత నమూనాలలో స్పిండిళ్ళు సన్నం, స్టీరింగు గేరు చిన్నది. వీల్ హార్స్ సి-శ్రేణి బళ్ళు సరళమైనవి, బాగుచేయడం సులువు. వాటిలో చట్రం వెళ్ళి గేరుపెట్టెకు బోల్టులతో కలిసే చోట బిగింపులను, పగుళ్ళను పరిశీలించాలి, ఎందుకంటే లోడర్ ఇచ్చే కుదుపంతా అక్కడికే చేరుతుంది. అదే కంపెనీ 520-హెచ్ ముందు ఇరుసు దాని సోదర బళ్ళకంటే బలమైనది.

అపురూపమైన బండి ఉన్నవారికి ఒక విన్నపం. 1963 నుంచి 1967 దాకా వచ్చిన గుండ్రటి మడ్‌గార్డుల జాన్ డీర్ 110, తొలి కబ్ క్యాడెట్ వంటివి చెడకుండా మిగిలినవి ఏటేటా తగ్గిపోతున్నాయి. వాటి చట్రానికి రంధ్రాలు వేసి, వెల్డింగ్ చేసి లోడర్ అతికించవద్దు. ఆ పనికి రంగు పోయి, సీటు చిరిగి, యంత్రం మాత్రం బాగున్న మామూలు బండి దొరుకుతుంది.

ఏ లోడర్, ఎలా బిగించాలి

మూడు దారులున్నాయి: ఆ బండి కోసమే తయారైన పాత లోడర్ వెతికి కొనడం, జాన్సన్, క్విక్‌వే వంటి ఇతర తయారీదారులు గార్డెన్ ట్రాక్టర్ల కోసం చేసిన దానిని తెచ్చుకోవడం, ప్లాన్ల ప్రకారం స్వయంగా వెల్డింగ్ చేసుకోవడం. మొదటిది దొరికితే ఆలోచించనక్కరలేదు, కాకపోతే పాత లోడర్ ఒక్కదాని ధరే చాలాసార్లు ట్రాక్టరు ధరను మించి ఉంటుంది. రెండవ రకం కొనేటప్పుడు బిగించే బ్రాకెట్లు మీ బండివేనా అని తేల్చుకోవాలి. బ్రాకెట్లు లేని లోడర్ చవకగా కనబడుతుంది గానీ సగం పని ఆ బ్రాకెట్లలోనే ఉంది. మూడవది వెల్డింగ్ బాగా వచ్చినవారికే. స్తంభాల మొదట్లో, చేతుల మలుపు దగ్గర వేసిన అతుకు విడిపోతే ఆ పక్కనే ఉండేది నడిపేవారి మోకాలు.

ఏ దారి ఎంచుకున్నా వదులుకోకూడనిది ఉప చట్రం. లోడర్ స్తంభాలను ట్రాక్టరు ముందు భాగపు రేకుకు మాత్రమే బిగిస్తే బకెట్ మట్టికుప్పలో గుచ్చుకున్న ప్రతిసారీ ఆ దెబ్బ సన్నని చట్రం మధ్యలో పడి దాన్ని వంచుతుంది. స్తంభాల నుంచి రెండు పక్కలా వెనుక ఇరుసు పెట్టె దాకా వెళ్ళే గట్టి పట్టీలు ఉంటే తోపుడు బలం నేరుగా వెనుక ఇరుసుకు చేరుతుంది, ట్రాక్టరు చట్రం దాదాపు ఊరికే ఉంటుంది. ఎదురు బరువు తగిలించే కొక్కెం కూడా ఆ ఉప చట్రానికే ఉంటే ముందు బరువూ వెనుక బరువూ ఒకే ఇనుము మీద నిలుస్తాయి. కొనబోయే లోడర్ ఫొటోలో ఈ పట్టీలు వెనుక దాకా వెళ్ళకపోతే ధర ఎంత తక్కువైనా నేను దాని జోలికి పోను.

బకెట్ వెడల్పు ముందు చక్రాల బయటి అంచులను కప్పేలా ఉండాలి, అంతకంటే పెద్దది ఆశించకూడదు. మూడున్నర ఘనపుటడుగుల బకెట్‌లో బెరడు మల్చ్ (మొక్కల చుట్టూ పరిచే బెరడు ముక్కలు) వంద పౌండ్లకు అటూ ఇటూగా ఉంటుంది; అదే బకెట్ నిండా కంకర గానీ తడి మట్టి గానీ పోస్తే 350 పౌండ్లు. బకెట్ ఒకటే అయినా పని మారగానే బండి మీది భారం మూడింతలు దాటుతుంది కనుక కంకరకు సగం బకెట్ అన్న నియమాన్ని మొదటి రోజు నుంచే పాటించడం మంచిది.

నూనె ఎక్కడి నుంచి తీసుకోవాలి

చాలా హైడ్రోస్టాటిక్ బళ్ళలో పనిముట్లను ఎత్తే నూనె ముందే ఉంటుంది, దానినే వాడుకోవడం అన్నిటికంటే సులువైన పద్ధతి. కొన్ని పాత బళ్ళలో ఆ పీడనం 600 పీఎస్‌ఐ చుట్టూనే ఉంటుంది. అది తక్కువని దిగులు పడనక్కరలేదు: రెండంగుళాల లోపలి వ్యాసం గల సిలిండర్లు రెండు ఆ పీడనంతో 3,770 పౌండ్ల బలంతో తోస్తాయి, చేతుల పొడవు వల్ల అందులో ఆరో వంతే బకెట్ దాకా చేరుతుందనుకున్నా 600 పౌండ్ల పైన మిగులుతుంది, అందులో చేతుల సొంత బరువు తీసివేసినా ఈ బండి మోయదగినంత ఉంటుంది. ఈ పద్ధతిలోని అసలు లోపం వేరు. లోడర్ సిలిండర్ల ద్వారా వచ్చే దుమ్ము, ఇనుప రజను చక్రాలను నడిపే ఖరీదైన హైడ్రోస్టాటిక్ పంపులోకే పోతుంది. మంచి ఫిల్టరు లేకుండా ఈ దారి పట్టకూడదు.

ఇంజన్ ముందు భాగం నుంచి తిరిగే వేరే పంపు, వేరే నూనె తొట్టె పెట్టుకుంటే ఆ భయం ఉండదు, వేగమూ ఎక్కువ. లోడర్ చేతులను పైకెత్తే, 16 అంగుళాల నిడివి కదిలే సిలిండర్లు రెండూ నిండడానికి నిమిషానికి 4 గ్యాలన్ల పంపుతో ఆరేడు సెకన్లు, 2 గ్యాలన్ల పంపుతో పదమూడు సెకన్లు పడతాయి. పంపును బెల్టుతో తిప్పదలిస్తే పక్క లాగుడును తట్టుకునే బేరింగు ఉన్న పంపునే తీసుకోవాలి. మామూలు గేరు పంపుల షాఫ్టులు ఆ లాగుడుకు తయారైనవి కావు. ఇక 12 వోల్టుల విద్యుత్ పంపు పెట్టె బిగించడం అన్నిటికంటే తేలిక, కానీ బరువు ఎత్తేటప్పుడు అది వంద ఆంపియర్లకు మించి లాగుతుంది, ఈ పాత ఇంజన్ల చార్జింగ్ 15, 20 ఆంపియర్లకు మించదు. అప్పుడప్పుడు నాలుగు బకెట్లు ఎత్తేవారికే అది సరిపోతుంది.

వేరే పంపు పెట్టినవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. 1,500 పీఎస్‌ఐ దగ్గర చేతులను ఎత్తే ఆ సిలిండర్లే 9,400 పౌండ్లతో తోస్తాయి, ఆరో వంతు లెక్కన బకెట్ దగ్గర 1,500 పౌండ్ల పైమాట. అంత బరువును ఆ ముందు ఇరుసు ఏనాడూ మోయకూడదు. కనుక పీడనం హద్దు దాటగానే నూనెను వెనక్కు వదిలే రిలీఫ్ వాల్వును పంపు సామర్థ్యాన్ని బట్టి కాక ఇరుసు సామర్థ్యాన్ని బట్టి అమర్చాలి: మీరు నిర్ణయించుకున్న గరిష్ఠ బరువు, ఉదాహరణకు 350 పౌండ్లు, బకెట్‌లో పెట్టి అది కాస్త కష్టం మీద లేచే దగ్గర వాల్వును ఆపండి. అప్పుడు భూమిలో పాతుకుపోయిన బండరాయిని ఎత్తబోతే చేతులు ఆగిపోతాయి తప్ప స్పిండిల్ విరగదు.

వెనుక బరువును ఎంచుకోవడం

టైర్లలో ద్రవం, చక్రాలకు ఇనుప బిళ్ళలు, వెనుక వేలాడే బరువు, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి ఒకదానికొకటి బదులు కావు. మొదటి రెండూ వెనుక చక్రాలకు పట్టునిస్తాయి, ఇరుసు బేరింగుల మీద భారం మోపవు, ఎందుకంటే ఆ బరువు చక్రం ద్వారానే నేలకు దిగిపోతుంది. మూడవది ముందు ఇరుసును కాపాడుతుంది, అయితే వెనుక ఇరుసు బేరింగుల మీద అదనపు భారం వేస్తుంది. ఒక్కదానికే డబ్బు, తీరిక ఉన్నవారు మూడవ దానితో మొదలుపెట్టాలి.

వేలాడే బరువులో తేలికైనది కాంక్రీటు. ఒక ఘనపుటడుగు కాంక్రీటు సుమారు 150 పౌండ్లు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, రెండడుగుల పొడవు గల చెక్క పెట్టెలో పోస్తే 300 పౌండ్ల దిమ్మె తయారవుతుంది. అంత వద్దనుకుంటే ఐదు గ్యాలన్ల బకెట్ ఒక్కోదాంట్లో వంద పౌండ్లు పడతాయి. పోసేటప్పుడే లోపల ఇనుప కడ్డీ, పైన ఒకటి, కింద రెండు పిన్నుల పట్టీలు పెట్టి పోయాలి, దిమ్మె మూడు చోట్ల పట్టుకుని ఉండాలి. గొలుసుతో ఊగే బరువు, లేదా వెనుక ఉన్న పలచటి హిచ్ రేకుకు ఒక్క బోల్టుతో తగిలించిన బరువు కుదుపులకు ఆ రేకును చింపివేస్తుంది. పనిముట్లను మూడు చోట్ల పట్టి ఎత్తే త్రీ-పాయింట్ హిచ్ ఉన్న బండి అయితే వెనుక టిల్లరు తగిలించి ఉంచడం కూడా చక్కని ఎదురు బరువే, విడిగా ఏమీ చేయనక్కరలేదు. ఒక్కోటి 42 పౌండ్లుండే జాన్ డీర్ సూట్‌కేస్ వెయిట్లు తగిలించడం, తీయడం చాలా సుఖం. వెనుక వాటికి బ్రాకెట్ చేయించుకోగలిగితే పనిని బట్టి బరువును పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. లోడర్ తీసేసి గడ్డి కోసే రోజుల్లో మాత్రం వెనుక బరువును కూడా తప్పక తీసేయాలి, లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది.

టైర్ల ద్రవం విషయంలో చలి ప్రాంతాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. మంచు పడని చోట మన దగ్గరిలాగే మంచినీళ్ళు చాలు, గ్యాలనుకు 8.3 పౌండ్లు. గడ్డకట్టే చోట కాల్షియం క్లోరైడ్ ద్రావణం గ్యాలనుకు 11 పౌండ్ల దాకా బరువునిస్తుంది, కానీ లీకైతే పాత రిమ్మును తుప్పుతో తినేస్తుంది. ట్యూబు లేకుండా దాన్ని వాడకూడదు. బీట్ దుంపల రసంతో చేసిన ద్రవం దాదాపు అంతే బరువు, తుప్పు పట్టనివ్వదు, ధర ఎక్కువ. కారు అద్దాలు తుడిచే ద్రవం నీటికంటే కొంచెం తేలిక, అన్ని దుకాణాల్లో చవక, అయితే అది విషం కనుక చుక్క కూడా ఒలకకుండా నింపాలి. రేడియేటరులో పోసే ఇథిలీన్ గ్లైకాల్‌ను మాత్రం వద్దనే చెబుతాను, అది తియ్యగా ఉండి కుక్కలు నాకుతాయి, కొంచెమే వాటి ప్రాణం తీస్తుంది. వాల్వును పైకి తిప్పి ఆ మట్టం దాకా, అంటే ముప్పాతిక వంతు నింపాలి. 23x10.50-12 టైరులో అది సుమారు 11 గ్యాలన్లు, కాబట్టి రెండు టైర్లకూ కలిపి నీళ్ళయితే 180 పౌండ్లు, బీట్ ద్రవం అయితే 230 పౌండ్ల పైన.

అన్నీ అమర్చాక కాగితం మీది లెక్కను నమ్మి ఊరుకోవద్దు. రాళ్ళ క్వారీల్లో, పాత ఇనుము కొనే చోట్ల కాటా ఉంటుంది. బండిని ట్రైలరు మీద తీసుకువెళ్ళి, బకెట్‌లో మీ గరిష్ఠ బరువు పెట్టి, మనిషి కూర్చుని, వెనుక చక్రాలను మాత్రమే కాటా మీద నిలిపి ఒకసారి, మొత్తం బండిని నిలిపి ఒకసారి తూయించండి. మొత్తంలో నలభై శాతమైనా వెనుక చక్రాల మీద లేకపోతే ఇంకా బరువు చేర్చాలి, లేదా బకెట్ గరిష్ఠాన్ని తగ్గించుకోవాలి.

పక్కకు పడిపోవడం గురించి

ఎదురు బరువు వెనక్కు, ముందుకు నిలకడనిస్తుంది. పక్కలకు నిలకడ వేరే విషయం. ముందు ఇరుసు మధ్యలోని ఒక్క పిన్ మీద ఊగుతుంది కాబట్టి ఈ బండి నిజంగా నిలబడేది మూడు చోట్ల: రెండు వెనుక చక్రాలు, ముందున్న ఆ పిన్. బరువంతా ముందుకు జరిగితే అది ఆ త్రిభుజపు సన్నని కొనలో ఉంటుంది, కొంచెం పక్కకు ఒరిగినా అంచు దాటుతుంది. వెనుక కిందుగా వేలాడే బరువు మొత్తం గరిమనాభిని త్రిభుజపు వెడల్పు వైపుకూ నేల వైపుకూ లాగుతుంది, అందువల్ల ఎదురు బరువుకు ఇది మరొక ప్రయోజనం. బకెట్ పైకి ఎత్తి నడిపితే ఆ మేలంతా పోతుంది. ఈ పాత బళ్ళకు బోల్తా పడినప్పుడు కాపాడే చట్రం సాధారణంగా ఉండదు కనుక నడిచేటప్పుడు బకెట్ మోకాలి ఎత్తు దాటకూడదు, వాలుకు అడ్డంగా పోకూడదు, నిండు బకెట్‌తో పల్లం దిగేటప్పుడు వెనక్కు నడుపుతూ దిగాలి. హోస్ పైపు కారుతున్నదని అనుమానం వస్తే చేతితో తడిమి చూడకూడదు, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. సన్నని రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది, అది వెంటనే శస్త్రచికిత్స చేయించవలసిన గాయం.

ఎవరు ఏది ఎంచుకోవాలి

మల్చ్, కంపోస్టు, ఆకులు, మంచు, కట్టెలు మాత్రమే మోసేవారు తమ దగ్గరున్న గట్టి గార్డెన్ ట్రాక్టరుకు ముందు చక్రాల బేరింగులు మార్చి, తేలిక లోడర్ బిగించి, వెనుక 200 పౌండ్ల దిమ్మె తగిలించి, బకెట్‌కు 200, 250 పౌండ్ల హద్దు పెట్టుకుంటే ఏళ్ళ తరబడి నడుస్తుంది. కంకర, మట్టి తరచుగా ఎత్తేవారికి 318, 400 వంటి పవర్ స్టీరింగు బండి గానీ, కేస్ 446, 646 గానీ కావాలి, వాటికి కూడా వెనుక బరువు తప్పదు. ఏడాదికొకసారి ఒక ట్రక్కు మల్చ్ సర్దుకునేవారికి లోడరే అవసరం లేదు; మంచు బ్లేడు స్థానంలో తగిలించే చిన్న తోపుడు బకెట్, వెనుక ఒక బండి ట్రైలరు చాలు. చెట్ల మొదళ్ళు పెకలించాలి, గుంటలు తవ్వాలి, గట్టినేలను కోయాలి అనుకునేవారు ఈ ఆలోచనను మానుకుని కుబోటా బీఎక్స్ వంటి నాలుగు చక్రాల లాగుడు గల చిన్న ట్రాక్టరును పాతదైనా కొనుక్కోవాలి, ఎందుకంటే ముందు ఇరుసు కూడా లాగేలా, మోసేలా చేసిన బండి చేసే పనిని ఎంత బరువు వేలాడదీసినా ఈ పాత బండితో చేయించలేము.

బిగించిన తరువాత మొదటి కొన్ని గంటల పని అయ్యాక ఉప చట్రం బోల్టులన్నీ మళ్ళీ బిగించాలి, పిన్నులకు గ్రీజు పట్టించాలి, వెల్డింగ్ అతుకుల దగ్గర రంగు చిట్లిందేమో వెలుతురులో చూడాలి. ఇనుము పగలబోయే ముందు చాలాసార్లు దాని మీది రంగే మొదట చిట్లుతుంది.